హోవెల్ క్రీక్ ఊరిని నేను విడిపించిన వైనం

పిల్లలూ, మన హోవెల్ క్రీక్ పందొమ్మిది రోజులపాటు శత్రువుల చేతిలో ఉండిపోయిందని మీకెవరైనా చెప్పారా?

"లేదు అమ్మమ్మా!"

చెప్పరు. ఎలా చెప్తారు, ఊళ్ళో ఎవరికైనా తెలిస్తేగా! శత్రువులు వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. కనిపెట్టింది నేను. తరిమిందీ నేనే. తరమడమంటే అలాంటిలాంటి తరమడం కాదు. గస్, ఆ మెట్టు మీద సరిగ్గా కూర్చో, వెన్ను నిటారుగా పెట్టు. మారెన్, ఆ గిన్నె ఇలా జరుపు. రేపు కాల్చే పై రొట్టె కోసం ఈ చెర్రీలన్నిటికీ గింజలు తియ్యాలి. పని చేతులకే కదా, నోరు ఖాళీగానే ఉంది, వినండి.

ఇవాళే ఎందుకు చెప్తున్నానంటే దానికో కారణముంది. రేపు జూలై నాలుగు. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఎన్నేళ్ళు నిండుతున్నాయి?

"రెండువందల యాభై!"

శభాష్ గస్. రేపటి ఊరేగింపులో అందరికంటే ముందు పోయే పైకప్పు లేని తెల్ల కారులో ఎవరు కూర్చుంటున్నారు? నేను. డెబ్బైనాలుగేళ్ళు వచ్చాక మొదటిసారి! ఇన్నేళ్ళూ ఆ కారులో మొక్కజొన్న పండగ అందాల రాణులు కూర్చున్నారు, పందికి బహుమతి కొట్టినవాళ్ళు కూర్చున్నారు, ఒక ఏడాదైతే బహుమతి కొట్టిన పందే కూర్చుంది. నేను మాత్రం రోడ్డు పక్కన మడతకుర్చీలో కూర్చుని ఆ పందికి చెయ్యి ఊపాను.

కారు తలుపుకి ఒక అట్ట కడతారు. అట్ట మీద పేరు, పేరు కింద ఒక వాక్యం ఉంటాయి, ఈ మనిషి ఏం చేసిందో చెప్పేది. ఆ వాక్యం రాసుకుపోవడానికి ఊరేగింపు కమిటీ తరఫున డెల్బర్ట్ పదింటికి వస్తానన్నాడు. నేను ఏమీ చెప్పలేదనుకోండి, 'ముప్పై తొమ్మిదేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పెను' అని రాసి ఊరుకుంటాడు. అది చదివి ఎవరైనా చప్పట్లు కొడతారా? పాపం ముసలావిడ అనుకుంటారు. అందుకని నేనే ఆలోచించి పెట్టుకున్నాను. 'వెర్నా హాగెన్: ఊరిని ఎర్రకోట్ల చెర నుంచి విడిపించిన వీరనారి.' ఎలా ఉంది?

"అమ్మమ్మా, ఈ పుస్తకంలో ఒక ఫొటో..."

మారెన్, అదెక్కడ దొరికింది నీకు? అటక మీదా? డెబ్బైయారు ఉత్సవాల పుస్తకం అది. ఫొటో కనపడగానే ఎగిరిపడకు. నేను ఎన్ని తరాల పిల్లలకి నేర్పాను, బొమ్మ చూడబోయే ముందు బొమ్మ కింద రాసింది చదవాలని! సరే, ఇప్పుడు మూసెయ్. తర్వాత చూద్దువు గాని. నా కళ్ళ ముందే జరిగిందానికి పుస్తకం ఎందుకు?

అది పందొమ్మిదివందల డెబ్బైయారు. దేశానికి అప్పుడు రెండువందల ఏళ్ళు నిండాయి. నాకు ఇరవైనాలుగేళ్ళు, కొత్తగా టీచరునయ్యాను, ఈ ఇంట్లోనే మా నాన్న దగ్గర ఉండేదాన్ని. ఆ ఏడాది జనానికి పట్టిన పిచ్చి ఇంతా అంతా కాదు. చెత్తడబ్బాకి ఎరుపు తెలుపు నీలం జెండా రంగులు, పశువుల కొట్టానికి జెండా రంగులు. పక్క ఊరి పశువుల డాక్టరు తన కట్టుడు పళ్ళకి కూడా వేయించుకున్నాడు, నవ్వితే జెండా వందనం చెయ్యాలనిపించేది. ఇక ఊరూరా ఏం చేశారంటే, మంటలంటుకుంటే ఫైరింజను వాళ్ళు గొట్టం తగిలించే ఇనప కుళాయిలు వీధి మూలల్లో ఉంటాయి కదా, వాటికి సిపాయి వేషాలు వేశారు. పైమూతకి నల్లరంగు పూస్తే టోపీ, కింద రెండు కళ్ళూ ఒక మీసమూ, రొమ్ము మీద అడ్డంగా తెల్ల పట్టీలు, బంగారు బొత్తాలు. మన ఊళ్ళో ఇరవైమూడు కుళాయిలు, ఇరవైముగ్గురు సిపాయిలు. జూన్ పద్నాలుగున, జెండా రోజున, తయారైపోయారు. ఎవరో వేశారు లెండి, అది ఇప్పుడు అప్రస్తుతం.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ సిపాయిల కోట్లు ఎర్రవి. ఇప్పుడు చెప్పండి, ఆనాటి స్వాతంత్ర్య యుద్ధంలో మనవాళ్ళ కోటు ఏ రంగు?

"నీలం!"

ఎర్రకోటు ఎవరిది?

"లండన్ రాజుగారి వాళ్ళది! శత్రువులది!"

అర్థమైందా మరి? రాజును వెళ్ళగొట్టి రెండువందల ఏళ్ళయిందని పండగ చేసుకునే ఊళ్ళో, మూలమూలకీ రాజుగారి సిపాయి ఒకడు కాపలా! మేయరుగారు మంగలి షాపు ముందు సిపాయి భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. తోటల సంఘం ఆడవాళ్ళు వాళ్ళ పాదాల దగ్గర బంతిపూలు నాటారు. ఒక్కరంటే ఒక్కరికి అనుమానం రాలేదు. కుక్కలు మాత్రం రోజూ వెళ్ళి కాలెత్తి తమ అభిప్రాయం చెప్పి వచ్చేవి. ఆ పందొమ్మిది రోజులూ ఊళ్ళో దేశభక్తి మిగిలింది వాటికే.

జూలై మూడు మధ్యాహ్నం నేను రొట్టె కొనుక్కొస్తూ మంగలి షాపు ముందు ఆగి చూశాను. ఎర్రకోటు! రాజుగారి సిపాయి! తెల్లారితే ఊరేగింపు! గవర్నరు ఆఫీసు నుంచి మనుషులొస్తున్నారు! పరువు పోతుంది! సరే, నీలం రంగు కొని వేసేస్తే పోతుంది కదా అని ఇనప సామాన్ల దుకాణానికి పరిగెత్తాను. ఏముందీ, దేశమంతా నీలం కొనేసింది, ఒక్క డబ్బా లేదు. అప్పుడు నేనేం చేశానో తెలుసా?

"ఏం చేశావు?"

ఊరి చివర పశువుల మేత దాచే నీలం సైలో ఉంది చూడండి, నిటారుగా స్తంభంలా, అది ఎక్కాను. పాన్‌కేకులు తిప్పే అట్లకాడ నోట్లో కరిచి పట్టుకుని ఎక్కాను. ఎక్కి దాని రంగు గీకి గౌను కుచ్చిళ్ళలో పోసుకున్నాను. అయినా చాలలేదు. అంత ఎత్తుకి ఎలాగూ వచ్చాను కదా అని చెయ్యి చాపి ఆకాశం మీద కూడా కొంచెం గీకాను. నవ్వకు మారెన్, నీరెండలో చూడు, ఆ తూర్పు మూల ఆకాశం ఇప్పటికీ కాస్త వెలిసినట్టుంటుంది.

"అమ్మమ్మా, ఆ మూల ఎప్పుడూ మబ్బుంటుంది."

మరి కప్పుకోవద్దూ పాపం! నువ్వు గింజలు తియ్యి.

ఆ రంగు తీసుకుని మొదటి సిపాయి దగ్గరికొచ్చాను. మర్యాదగానే చెప్పాను. 'బాబూ, యుద్ధం అయిపోయి దగ్గర దగ్గర రెండువందల ఏళ్ళయింది, కోటు మార్చుకో' అన్నాను. వాడు మీసం మెలేశాడు. మెలేసి, పక్క మూత ఊడదీసి, నీళ్ళు చిమ్మాడు చూడండి నా మీద! ఆ ధారకి నేను లేచాను. ఎంత లేచానంటే లూథరన్ చర్చి శిఖరం మీద గాలి ఎటుందో చూపే ఇనప గాలికోడి ఉంది కదా, దాని పక్కన వాలాను. ఆ కోడి అప్పటిదాకా ఉత్తరానికి తిరిగి ఉండేది, నన్ను చూసి దక్షిణానికి తిరిగింది, ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"కింద పడ్డావా?"

పడ్డానా! నేనా! పైనుంచి చూస్తే నాకు వాళ్ళ కుట్ర అంతా కనపడింది. ఇరవైముగ్గురూ నేల పెళ్ళగించుకుని బయటికొచ్చి, మెయిన్ స్ట్రీటు మీద వరసకట్టి, టౌన్‌హాలు వైపు నడుస్తున్నారు! కాళ్ళు లేవు కదా, గెంతుతూ నడుస్తున్నారు. గెంతినప్పుడల్లా ఊళ్ళో గాజు సామాను అంతా గలగల. చూసేవాళ్ళేమో చప్పట్లు కొడుతున్నారు, రేపటి ఊరేగింపుకి ఇది సాధన అనుకుని!

ఇక ఆలోచించలేదు. గాలికోడి తోక పట్టుకుని ఒక్క ఊపు ఊగి, సరిగ్గా వాళ్ళ ముందు దూకాను. చేతిలో తుపాకీ లేదు, కత్తి లేదు. అట్లకాడే. నడుం మీద చెయ్యేసుకుని, ఒక చూపు చూశాను. గస్, ఆ చూపు నీకు తెలుసు.

"తెలుసు అమ్మమ్మా."

'వెనక వరస, నిశ్శబ్దం!' అన్నాను. అంతే. ఇరవైముగ్గురూ బొమ్మల్లా నిలబడిపోయారు. వాళ్ళ సేనాపతి జీవితంలో అంత క్రమశిక్షణ చూసి ఉండడు. హాజరు పిలిచాను, ఒక్కొక్కడూ 'ప్రెజెంట్ టీచర్' అన్నాడు. 'ఇప్పుడు నేను చాలు అనేదాకా అందరూ ఊపిరి బిగబట్టండి' అన్నాను. బిగబట్టారు. నేను చాలు అనలేదు. అనకుండా ఇంటికెళ్ళి కాఫీ తాగొచ్చాను. వచ్చేసరికి, చూసుకోండి, ఇరవైరెండుమంది నీలంగా మారిపోయి ఉన్నారు!

"మరి సైలో రంగు ఎందుకు గీకావు?"

మారెన్, నువ్వు మీ అమ్మ పోలిక. అది... అది అంచులు దిద్దడానికి. గిన్నె ఇలా తే.

మిగిలిందెవడు? జనరల్! మన ఇంటి ముందు ఆ లైలాక్ పొద పక్కనున్న కుళాయి. ఊళ్ళో అన్నిటికంటే లావైనది. వాడు ఊపిరి బిగబట్టలేదు, దొంగ. దిగబడి కూర్చున్నాడు. నేను వాడి మెడ పట్టుకుని లాగాను, వాడు కిందికి లాగాడు, నేను పైకి, వాడు కిందికి. ఒక్కసారి బలమంతా పెట్టి లాగేసరికి వాడితోపాటు నేలలోని పైపు వచ్చింది, పైపు వెంట ఇంకో పైపు, నాలుగు మైళ్ళ పైపు చుట్టలు చుట్టుకుంటూ వచ్చి, చివరికి ఊరి నీళ్ళ ట్యాంకు కూడా కదిలి గేటు దాకా వచ్చి నిలబడింది. అప్పుడు...

ఓహో, డెల్బర్ట్! రా నాయనా, సరైన సమయానికొచ్చావు. పిల్లలూ, నమస్కారం చెప్పండి. ఈయన మన ఊరి నీళ్ళ పనులు చూస్తాడు. డెబ్బైయారులో నా క్లాసులో ఎనిమిదేళ్ళవాడు, మూడో బెంచీ, ఇంత లావు కళ్ళజోడు. ఆ బండిలో ఏమిటి?

"నీలం రంగు టీచరుగారూ. ఈసారి కూడా కుళాయిలకి సిపాయి వేషాలు వెయ్యమంది కమిటీ. పాత రంగు గీకడం నిన్నటికి అయిపోయింది. మీ వాక్యం రాసుకుని ఇవాళ మొదలుపెడదామని వచ్చాను. కానివ్వండి, నీళ్ళ ట్యాంకు గేటు దాకా వచ్చిందంటున్నారు."

ఆఁ, నువ్వు కూడా కూర్చో. ట్యాంకు వచ్చింది కదా, చేతిలో చెర్రీ పై రొట్టె ఉంటే జనరల్ మొహాన కొట్టాను. వాడి కళ్ళు మూసుకుపోయాయి. నిమ్మకాయల బండి ఒకటి అటుగా వస్తుంటే ఆపి, బండెడు నిమ్మకాయలూ మూడు బస్తాల చక్కెరా ట్యాంకులో పోసి అట్లకాడతో తిప్పాను. వారం రోజులు ఊళ్ళో ఏ కుళాయి తిప్పినా నిమ్మరసమే. జనం దాంట్లోనే స్నానాలు చేశారు. ఆ పులుపుకి జనరల్ మొహం ముడుచుకుపోయి, మోకాళ్ళ మీద పడి... మోకాళ్ళు లేవు, అడుగున పడి, కత్తి నా చేతికిచ్చి, 'అమ్మా, చిన్నప్పుడు మీ దగ్గర మూడో తరగతి చదివి ఉంటే నేనీ యుద్ధానికి వచ్చేవాణ్ణే కాదు' అని భోరుమన్నాడు. ఆ ఏడుపు లండన్ దాకా వినపడి అక్కడెవరి చేతిలోంచో టీ కప్పు జారిపడింది. వాడికి నా చేత్తో నీలంకోటు తొడిగాను. చొక్కా తొడిగినట్టు, బొత్తాలు పెట్టి మరీ! అలా ఇరవైముగ్గురూ లొంగిపోయారు. రాసుకో డెల్బర్ట్. 'వెర్నా హాగెన్: ఊరిని ఎర్రకోట్ల...'

"టీచరుగారూ, చిన్న సందేహం. చెయ్యెత్తమంటారా?"

యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి నీకు, ఎత్తకుండానే అడుగు.

"వారం నుంచి కుళాయిలు గీకుతున్నాను కదా. ఇరవైరెండింటి పెచ్చులకీ మూడు పొరలున్నాయి. పైన ఇప్పటి పసుపు, మధ్యలో నీలం, అడుగున ఎరుపు. మీ ఇంటి ముందుదాని పెచ్చు ఇదిగో, జేబులో వేసుకొచ్చాను. అంచు చూడండి. పసుపు, దాని కింద ఎరుపు. అంతే. మధ్యలో నీలం లేదు. మీ జనరల్ లొంగిపోలేదు టీచరుగారూ."

ఏదీ, ఇలా ఇయ్యి. కళ్ళజోడు... ఆఁ. ఎండకి వెలిసిపోయి ఉంటుంది.

"రెండు పొరల మధ్యలోకి ఎండ ఎలా వెళ్తుంది అమ్మమ్మా?"

మంచి ప్రశ్న మారెన్. ఇంకో రోజు అడిగి ఉంటే ఇంకా మంచి ప్రశ్న.

"అమ్మమ్మా, అసలు వాళ్ళకి ఎర్రకోటు ఎవరు వేశారు?"

గస్, ఎవరో వేశారని ముందే చెప్పానా లేదా? విననప్పుడు... మారెన్! ఆ పుస్తకం ముయ్యమన్నాను.

"నువ్వేగా బొమ్మ కింద రాసింది చదవాలన్నావు? చదువుతున్నాను. 'హోవెల్ క్రీక్ సిపాయిలు. చిత్రంలో, వీటన్నిటికీ స్వయంగా రంగులు వేసిన మూడో తరగతి టీచరు వెర్నా.' అమ్మమ్మా, చేతిలో కుంచె పట్టుకుని నవ్వుతోంది నువ్వే."

అబ్బా! పన్ను! ఈ చెర్రీలో గింజ ఉండిపోయింది.

ఒక్క నిమిషం ఉండండి. మంచినీళ్ళు తాగనివ్వండి.

సరే. ఆ ఎర్రకోట్లు నేనే వేశాను. కుళాయిలు మొదటినుంచీ ఎర్రగానే ఉండేవి, కోటు రంగు కలిసొచ్చింది కదా అనుకున్నాను. స్కూలు లైబ్రరీలో లావుపాటి పుస్తకంలో సిపాయి బొమ్మ చూశాను. ఎంత అందంగా ఉన్నాడో! ఎర్రకోటు, తెల్ల పట్టీలు, మీసం. దాన్ని చూసి ఇరవైమూడూ వేశాను. బొమ్మ చూశాను గానీ, బొమ్మ కింద రాసింది చదవలేదు. కింద 'రాజుగారి సైన్యం' అని రాసి ఉంది. చరిత్ర చెప్పే టీచరుని!

"మరి ఎవరు కనిపెట్టారు? నువ్వొక్కదానివేనా?"

లేదు గస్. జూలై మూడు మధ్యాహ్నం సెలవులైనా నా క్లాసు పిల్లలు వచ్చి ఊరేగింపు కోసం కాగితం పూలు చేస్తుంటే నేను ఆ పుస్తకం తెరిచి గొప్పగా చూపించాను. మూడో బెంచీ కళ్ళజోడువాడు చెయ్యెత్తాడు. 'టీచర్, కింద ఏదో రాసి ఉంది' అన్నాడు. ఇదిగో, ఇప్పుడు జేబులో పెచ్చులేసుకు తిరుగుతున్న ఈ మహానుభావుడే! అప్పుడు చదివాను. చెప్పనక్కర్లేదు, పిల్లల ముందే ఏడ్చాను. పద్దెనిమిదిమంది పిల్లలూ ఇళ్ళకి పరిగెత్తి, వాళ్ళ నాన్నల షెడ్డుల్లో అడుగూబొడుగూ మిగిలిన నీలం డబ్బాలు పట్టుకొచ్చారు. పొద్దు వాలేదాకా మోచేతుల దాకా పూసుకుంటూ వేశారు. ఇరవైరెండు అయ్యాయి. రంగు అయిపోయింది. ఇరవైమూడోది మా గుమ్మం ముందుది కదా, దుప్పటి కప్పి, రేపు వేద్దాంలే అన్నాను. ఆ రేపు రాలేదు. శీతాకాలం లోపల నీళ్ళ ఆఫీసువాళ్ళు అన్నిటికీ పసుపు కొట్టేశారు.

డెల్బర్ట్, ఎవరితోనూ అనకు అని నిన్ను బతిమాలాను. గుర్తుందా?

"గుర్తుంది. అనలేదు. నేను పనిలో చేరాక దానికి నాలుగుసార్లు పసుపు వేశాను. వేసిన ప్రతిసారీ లోపల ఎర్రగా కనపడేది. మీ వైపు చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి."

మరి ఇవాళెందుకు నోరు విప్పావురా, ఇన్నేళ్ళు ఆగినవాడివి? ఇంకొక్క రోజు ఆగితే నేను వీరనారినయ్యేదాన్ని!

"మీరు చెప్పుకోండి టీచరుగారూ, నాకేం అభ్యంతరం లేదు. ఆకాశం గీకారంటే నేనే నిచ్చెన పట్టుకున్నానని చెప్తాను. కానీ ఆ అట్ట మీద రాయాల్సింది నేను. పేరు కింద వాక్యం. అబద్ధం రాసి కింద చదవండి అని ఊరందరికీ ఎలా చూపించను? నాకు ఆ ముక్క నేర్పింది మీరే కదా."

హుఁ. నేను నేర్పినవన్నీ ఇలా ఒక్కరోజే తిరిగొస్తాయనుకోలేదు.

మారెన్, పెన్సిలు పట్టుకో. డెల్బర్ట్‌కి రాసివ్వు, వాడి చేతి రాత మూడో తరగతిలోనే ఆగిపోయింది. 'వెర్నా హాగెన్: ఊళ్ళోకి శత్రువుల్ని తెచ్చింది ఈవిడే. తరిమింది ఈవిడ మూడో తరగతి పిల్లలు.' రాశావా? కారులో వెనక సీటు ఇద్దరికి సరిపోతుంది. డెల్బర్ట్, రేపు ఆ నీటి మరకల చొక్కా కాకుండా వేరేది తొడుక్కుని నా పక్కన కూర్చో.

"అయ్యో, నేనెందుకు టీచరుగారూ!"

కూర్చోమన్నానా? పంది కూర్చున్న సీటే అది, నువ్వు కూర్చుంటే దానికి మర్యాదే.

"కానీ టీచరుగారూ, ఇవి రెండు వాక్యాలు. అట్ట మీద ఒక్కదానికే చోటుంది."

చిన్న అక్షరాలతో రాయి. దూరం నుంచి చేతులూపేవాళ్ళకి పేరు చాలు. తెలుసుకోవాలన్నవాళ్ళు దగ్గరికొచ్చి చదువుకుంటారు.

"అమ్మమ్మా, మరి నిమ్మరసం? అది కూడా అబద్ధమేనా?"

గస్ బాబూ, ఆ రోజు సాయంత్రం పద్దెనిమిదిమంది పిల్లలకీ ఈ వరండాలోనే తలా ఒక గ్లాసు నిమ్మరసం ఇచ్చాను. డెల్బర్ట్ మూడు తాగాడు. ట్యాంకు అంత ఇచ్చినట్టే అనిపించింది నాకు.

ఇదిగో మారెన్, గిన్నె పట్టుకో, ఇంకా సగం ఉన్నాయి. ఒక్క గింజ మిగిలినా రేపు ఎవరి పన్ను విరుగుతుందో తెలీదు, చూసుకుని తియ్యి. గస్, నా పాత టోపీ తే. డెల్బర్ట్, ఆ నీలం డబ్బా మూత తియ్యి, కుంచె నా చేతికియ్యి. కాదు, నువ్వు కాదు, నేనే వేస్తాను. నువ్వు ఆ పొద కొమ్మలు పట్టుకుని నిలబడు చాలు.

జనరల్‌గారు యాభై ఏళ్ళుగా దుప్పటి తీస్తారేమో అని చూస్తున్నాడు పాపం. నేను వెళ్ళి ఆ యుద్ధం ముగించి వస్తాను. ఈసారి వాడు నీళ్ళు చిమ్మితే నన్ను వెతకడానికి చర్చి శిఖరం మీదికే రండి.